దెబ్బతిన్న అరబ్ బాకుని వేలంలో కొనాలంటే: ఏ లోపాన్ని ఒప్పుకోవచ్చు, దేన్ని వదిలేయాలి

పాత అరబ్ బాకు చెక్కుచెదరకుండా దొరికితే దాని ధర మామూలు జీతగాళ్లకి అందదు. అందుకే మనలో చాలామంది కేటలాగ్‌లో ‘దెబ్బతిన్నది’ అని రాసిన లాట్ల (ఒక్కో పాటకి పెట్టే వస్తువు లేదా కట్ట) దగ్గరే ఆగుతాం. ఒర చీలినవి, నడుం పట్టీ పోయినవి, పిడికి పురుగు పట్టినవి, మొన విరిగినవి. బ్రిటన్ వేలాల్లో వీటి పక్కన ‘ఏ/ఎఫ్’ అనే గుర్తు ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు అమ్ముతున్నాం, తర్వాత ఫిర్యాదులు వినం అని దాని లెక్క.

వీటిలో కొన్ని నిజంగా మంచి బేరాలు. కొన్ని ఎంత చవగ్గా వచ్చినా దండగే. నేనైతే ఏ లాట్ చూసినా ముందు ఒకటే అడుగుతాను: ఈ బాకులో ఏదైనా పోయిందా, లేక ఏదైనా మార్చారా? పట్టీ పోయిన బాకు ఇంకా వందేళ్ల నాటి బాకే. కొత్త అలుగు, అంటే ఒరలోకి దూరే కత్తి భాగం, ఎక్కించినది మాత్రం పాత వెండిలో దూర్చిన కొత్త కత్తి. పోయినదానితో సర్దుకుపోవచ్చు, ఎప్పుడైనా అలాంటిదే దొరికితే జత చేయొచ్చు. మార్చేసిన చోట అసలుది ఏమై పోయిందో ఎవరికీ తెలియదు.

ఒమాన్ ఖంజరా, యెమెన్ జంబియానా?

వేలాల్లో ఎక్కువగా వచ్చేవి ఈ రెండే. రెండూ వంపు బాకులే, చూడ్డానికి దగ్గర చుట్టాల్లా ఉన్నా వీటి విలువ ఉండే చోటు వేరు. అందుకే ఒకే రకం దెబ్బ ఒకదాని ధరని సగానికి పడేస్తే, ఇంకోదాన్ని పెద్దగా కదిలించదు.

ఒమాన్‌లో ఖంజర్ దేశ చిహ్నం. జెండా మీద రెండు అడ్డకత్తులతో పాటు ఉండే బాకు అదే. దాని తయారీ నైపుణ్యాన్ని, ధరించే ఆచారాన్ని 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఖంజర్ విలువలో పెద్ద వాటా వెండి పనిది. ఒర పైభాగాన్ని కప్పే చెక్కుడు రేకు, దాని కింద వెండి ఉంగరాలు, వాటి మధ్య అల్లిన వెండి తీగ, వంపు దగ్గర తోలు మీద వెండి దారంతో కుట్టిన నగిషీ. ఫొటో చూడగానే ఉంగరాలు లెక్కపెట్టండి. రాజకుటుంబం పేరుతో పిలిచే సయీదీ రకానికి ఏడు, మిగతా రకాల్లో చాలావాటికి నాలుగు ఉంటాయి. సయీదీ పిడి కూడా వెండి పనితో నిండి ఉంటుంది. ఆ రూపాన్ని 19వ శతాబ్దంలో సుల్తాన్ సయ్యిద్ సయీద్ బిన్ సుల్తాన్ భార్య, పర్షియా రాకుమారి షహ్రజాద్ తీర్చిదిద్దిందని ఒమాన్‌లో చెప్పుకుంటారు.

ఖంజర్‌కి సొట్టలు పడటం, తీగ అల్లిక ఒకచోట ఊడటం, ఒక ఉంగరం పోవడం, పట్టీ లేకపోవడం, ఒర వెనక ఉండే చిన్న చాకు కనిపించకపోవడం: ఇవన్నీ ఒప్పుకోదగ్గ లోపాలే. పట్టీ బట్టతోనో తోలుతోనో చేసినది, తరం మారేలోపు అరిగిపోయేది. వాడినవాళ్లే మార్చుకునేవాళ్లు కాబట్టి పట్టీ కొత్తదైనా నేను పట్టించుకోను. తీగ పని ఊడితే అతికించగల చేతులు మన దగ్గరే ఉన్నాయి. కరీంనగర్ వెండి తీగ పని చేసేవాళ్లు అదే పద్ధతిలో బతుకుతున్నారు. అయితే పోయిన తీగ కొత్తగా పెట్టించొద్దు, ఊడినదాన్ని మాత్రం కూర్చమనండి. ఒప్పుకోకూడనిది ఒకటుంది: అరిగిపోయిన చెక్కుడు. దశాబ్దాల పాటు గట్టిగా పాలిష్ చేస్తే పువ్వులు, ఆకుల అంచులు కరిగిపోయి రేకు నున్నగా మిగులుతుంది. సొట్టని లోపలి నుంచి తట్టి సరిచేయొచ్చు గానీ అరిగిన గీత మళ్లీ రాదు. దూరం నుంచి తళతళలాడే ఖంజర్ కంటే నల్లబడి, సొట్టపడి, చెక్కుడు స్పష్టంగా ఉన్న ఖంజర్‌కే ఎక్కువ పాడతాను.

వెండి గురించి ఒక మాట. ఒమాన్‌లోనూ యెమెన్‌లోనూ పాత పనివాళ్లు వెండికి ఎక్కువగా ఆధారపడింది మరియా థెరీసా నాణేల మీద. ఈ ఆస్ట్రియా నాణెం ఏ ఏడాది పోసినా దాని మీద 1780 అనే ఉంటుంది. బరువు 28 గ్రాముల పైచిలుకు, అందులో ఆరింట అయిదు వంతులు వెండి. వాటిని కరిగించి చేసిన బాకు మీద 925 ముద్ర (వెయ్యిలో 925 పాళ్లు వెండి అని) ఎందుకుంటుంది? అది కనిపిస్తే ఆ భాగమైనా కొత్తదని అనుకోండి. జర్మన్ సిల్వర్ అయితే రంగులోనే తెలిసిపోతుంది. మూలల్లో నలుపు పట్టదు, పచ్చటి ఛాయ ఉంటుంది.

యెమెన్ జంబియాలో సంగతి వేరు. అక్కడ ధర పిడిని బట్టి. మనిషి స్థాయిని పిడిని చూసే అంచనా కట్టేవాళ్లు. ఒరలు రెండు రకాలు. తెగల వాళ్లు పొట్ట మధ్యలో నిటారుగా పెట్టుకునేది అసీబ్. సయ్యిద్‌లు, ఖాజీలు కుడివైపు వాల్చి పెట్టుకునేది తూమా. అసీబ్ ఒర సాధారణంగా చెక్క, తోలు. అది చిరిగిందంటే నష్టం తక్కువ, అలాంటివి మార్చుకుంటూనే ఉండేవాళ్లు. తూమా ఒర మీద మాత్రం వెండి పని దట్టంగా ఉంటుంది కాబట్టి దాని దెబ్బని ఖంజర్ దెబ్బలాగే చూడాలి.

కొత్తవాళ్లు తరచూ పొరబడే చోటు ఒకటి. అసీబ్ ఒర చివర పైకి బాగా మెలి తిరిగి ఉంటుంది. అలుగు బయటికి తీసి పక్కన పెడితే ఒరలో సగం దాకే వచ్చేట్టు, అంత వంపు లేకుండా కనిపిస్తుంది. ‘అలుగు విరిగింది’ అనో ‘వేరే ఒర పెట్టారు’ అనో అనుకుని మంచి లాట్ వదిలేస్తారు. ఆ తోక అలంకారం మాత్రమే, అలుగు అంత దూరం పోదు. ఖంజర్ ఒరలో కూడా అంతే.

ఖడ్గమృగం కొమ్ము పిడి: ఇక్కడ ఎంపికే లేదు

యెమెన్ పిడుల్లో అన్నిటికంటే ఖరీదైనది ఖడ్గమృగం కొమ్ముతో చేసినది. తరాల పాటు చేతి రాపిడితో తేనెరంగు తిరిగి, అంచు దగ్గర వెలుతురు లోపలికి దిగే పాత పిడిని సైఫానీ అంటారు. ఆ అందం గురించి నేను కాదనను. కానీ ఆ కోరిక తెచ్చిన నష్టం లెక్కల్లో ఉంది. 1970లలో చమురు డబ్బు యెమెన్‌కి చేరాక కొమ్ము దిగుమతి విపరీతంగా పెరిగింది. ఆ దేశం 1982లో దిగుమతి నిషేధించింది, 1997లో అంతరించే జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటిస్ ఒప్పందంలో చేరింది. ఈలోగా ఆఫ్రికా నల్ల ఖడ్గమృగాలు 1970 ప్రాంతంలో 65 వేలు ఉన్నవి 1990ల మధ్యకి రెండున్నర వేలకి పడిపోయాయి. ఆసియా మందుల గిరాకీతో పాటు ఈ పిడులూ అందుకు కారణం.

మన దేశంలో ఉండేవాళ్లు ఈ పిడి ఉన్న లాట్‌కి పాడకండి, ఎంత చవకైనా సరే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద కేసు అవుతుంది. ‘పాతది కదా’ అనే మాట కస్టమ్స్ దగ్గర చెల్లదు. ఏనుగు దంతం పిడికీ అదే మాట. బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లకి కూడా 2022 జూన్ నుంచి దంతం చట్టం అమల్లో ఉంది. 1947కి ముందుదై, మొత్తంలో దంతం పదోవంతు కన్నా తక్కువ ఉన్నవాటి లాంటి కొన్ని మినహాయింపులకే, అదీ రిజిస్టర్ చేయించాకే, అమ్మకం కుదురుతుంది. దంతం ఒరిజినల్ అయితే కోసిన అడ్డ ముఖం మీద ఒకదానినొకటి దాటే సన్నని వంపు గీతలు కనిపిస్తాయి. పోల్చుకోవడం నేర్చుకోవాల్సింది కొనడానికి కాదు, తప్పించుకోవడానికి.

మిగిలేది గేదె కొమ్ము, ఆవు కొమ్ము, కర్ర. వీటి పిడులు ఉన్న పాత జంబియాలు దెబ్బతిన్న లాట్లలో చవగ్గా వస్తాయి. యెమెన్ కొనుగోలుదారు పట్టించుకోడు కాబట్టి పోటీ తక్కువ. మనకి ఇదే అసలైన అవకాశం. కొమ్ము పిడి మీద పొరలు లేచినట్టు చిన్న బీటలు, పురుగు తిన్న గుంటలు ఉంటే భయపడనక్కర్లేదు. పురుగు ప్లాస్టిక్ జోలికి పోదు, కాబట్టి ఆ గుంటలు ఒక రకంగా మీకు సాక్ష్యం. ఇంటికి తెచ్చాక గుంటల్లోంచి పొడి రాలుతుంటే మాత్రం పురుగు ఇంకా బతికే ఉందని అర్థం. మిగతా వస్తువులకి దూరంగా, మూసిన కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ పిడికి అచ్చు అతికిన గీత ఒకటి పక్కల వెంట సన్నగా ఉంటుంది, రంగు అంతటా ఒకేలా ఉంటుంది.

యెమెన్ వెండి తూమా ఒరల విషయంలో కాలం ఒకటి గుర్తుంచుకోవాలి. సనా నగరంలో శ్రేష్ఠమైన వెండి పని చాలావరకు యూదు కంసాలులది. 1949, 1950లలో యెమెన్ యూదుల్లో అత్యధికులు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. ఆ తర్వాత పాత ఒరల మీద అచ్చులు తీసి పోతపోసిన వెండి ఎక్కువైంది. చేతి పని అయితే భూతద్దం కింద తీగ మెలికలు విడివిడిగా కనిపిస్తాయి, గుండ్రటి పూసల మధ్య సందులు ఉంటాయి. పోతపోసినదైతే ఆ సందులు నిండిపోయి మెత్తగా, ఉపరితలం మీద సూదిమొనంత గుంటలతో ఉంటుంది. పగిలిన చేతి పనికీ చెక్కుచెదరని పోతకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, పగిలినదే తీసుకోండి. రెండో ఆలోచన అక్కర్లేదు.

ఒర మీద హిజ్రీ సంవత్సరం చెక్కి ఉంటే అదృష్టం. చదివేటప్పుడు ఒకటి చూసుకోండి: అరబ్బీ అంకెల్లో చిన్న సున్నలా ఉండేది అయిదు, చుక్క పెడితే సున్న. హిజ్రీ 1340 అని ఉంటే మన లెక్కలో 1921-22.

పిడి, అలుగు కలిసే చోటు

కేటలాగ్‌లో ఇచ్చే అందమైన ఫొటో ఈ చోటుని దాదాపు ఎప్పుడూ చూపించదు. ఈమెయిల్ రాసి అడగండి: పిడి మొదలు దగ్గర రెండు వైపులా, అంచు వైపు నుంచి ఒకటి, వెలుతురు పక్క నుంచి పడేట్టు. మంచి సంస్థలు ఇస్తాయి, కండిషన్ రిపోర్ట్ కూడా పంపుతాయి. అడిగినా ఫొటో ఇవ్వకపోతే నేను ఆ లాట్ వదిలేస్తాను.

ఆ ఫొటోలో చూడాల్సింది ఏమిటంటే, అలుగు మెడ పిడి అడుగున ఉన్న లోహపు చుట్టులో ఎలా కూర్చుంది అన్నది. పాతదాన్ని నల్లటి జిగురులాంటి బంకతో నింపేవాళ్లు. అది ఎండి, పగిలి, అక్కడక్కడా రాలి ఉంటుంది. ఆ పగుళ్లలో దుమ్ము గట్టిపడి ఉంటుంది. అలుగు కొంచెం కదులుతుండొచ్చు కూడా, అది తప్పు కాదు. అదే చోట తెల్లగా, పసుపుగా, గాజులా మెరిసే పదార్థం ఉంటే ఎపాక్సీ, అంటే ఈ కాలపు రసాయన జిగురు, అని అర్థం, ఎవరో ఈమధ్య చేయిపెట్టారు. చుట్టు కంటే అలుగు మెడ వెడల్పై పక్కలకి పొడుచుకొచ్చినా, సన్నగా ఉండి రెండు వైపులా ఖాళీ మిగిలినా, ఆ రెండూ కలిసి పుట్టలేదు. తుప్పు కూడా సాక్షే. పాత అలుగు మీద తుప్పు మెడ దగ్గర ముదురుగా, చుట్టు కిందికి పాకి ఉంటుంది. అలుగంతా ఎర్రగా తుప్పుపట్టి మెడ దగ్గర మాత్రం శుభ్రంగా ఉంటే ఎక్కడో ఏదో జరిగింది. 20వ శతాబ్దం చివరికి సనా బజారులో చైనా నుంచి వచ్చిన చవక జంబియాలు కూడా అమ్ముడయ్యాయి, అలాంటి అలుగులు పాత పిడులకి చేరడం వింతేమీ కాదు.

ఇక నేరుగా జతలు పోల్చుకుందాం. పిడి, అలుగు అసలువై ఒర లేని బాకు ఒకటి, ఒర అద్భుతంగా ఉండి అలుగు మార్చినది ఇంకొకటి. అలమారలో పెట్టి చూసుకోవడానికి రెండోది బాగుంటుంది, ధర కూడా ఎక్కువ పలుకుతుంది. నా ఓటు మొదటిదానికే. ఒక మినహాయింపు ఉంది: ఆ ఒర మీద తేదీ, పనివాడి ముద్ర ఉంటే దాన్ని వెండి వస్తువుగా కొనండి, బాకుగా కాదు, ధర కూడా ఆ లెక్కనే ఆపండి.

మొన విరిగినది, మొన అరగదీసి మళ్లీ పదును పెట్టినది. విరిగినదే మేలు. అరగదీసిన అలుగు నడిమి వెన్ను (మొన దాకా నిలువునా సాగే గట్టు) మధ్య నుంచి తప్పి ఒక పక్కకి పోయి ఉంటుంది. ఫొటోలో మొన నుంచి మెడ దాకా ఒక స్కేలు పెట్టి చూస్తే దొరికిపోతుంది.

ఒరలో ఇరుక్కుపోయి బయటికి రాని అలుగు ఉన్న లాట్లు అప్పుడప్పుడూ వస్తాయి. అలుగు చూడకుండా కొనడమే కాబట్టి ఒరకీ పిడికీ ఎంత ఇస్తారో అంతవరకే పాడండి, లోపల అలుగు లేదనే అనుకోండి. గెలిస్తే లాగొద్దు. పాత కొమ్ము పిడి చీలేది అప్పుడే.

నాలుగైదు బాకులు కట్టగా కలిపి పెట్టిన లాట్ చూస్తే ఆశ పుడుతుంది. అందులో సాధారణంగా ఒకటి మంచిది, రెండు జోర్డాన్ షిబ్రియాలు, ఒకటి మొరాకో కుమియా. షిబ్రియాలు రంగుగాజు పొదిగిన బెదూయిన్ బాకులు, మార్కెట్లో ఉన్నవి చాలావరకు 20వ శతాబ్దం మధ్యవి. ప్రేమతో కొనుక్కోండి, పురాతనం అని కొనొద్దు. కుమియా పిడి నెమలి తోకలా విప్పారి ఉంటుంది, ఒరకి రెండు పెద్ద ఉంగరాలు ఉంటాయి. టూరిస్టుల కోసం చేసినవి లెక్కలేనన్ని. అసలు వాడిన కుమియా అలుగుకి నిజమైన పదును, ఉంగరాలకి తాడు ఒరుసుకున్న అరుగుదల ఉంటాయి. కట్ట మొత్తానికి ధర ఆ ఒక్క మంచి బాకు ధర దాటనివ్వకండి.

అరబ్ పేరుతో వచ్చే దక్కనీ జంబియా

ఇది మనవాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సిన లాట్. నిజాం సైన్యంలో యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు పనిచేశారు, వాళ్ల వారసులు ఇప్పటికీ హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నారు. జంబియా వాళ్లతో పాటే ఇక్కడికి వచ్చింది. మన దేశంలో చేసిన జంబియాలు కూడా ఉన్నాయి, వాటిలో కొన్ని కేటలాగ్‌ల్లో అరబ్ బాకులుగానే నమోదవుతాయి. ఇనుము మీద బంగారు తీగతో వేసిన పూలతీగ, లోహపు పిడి కనిపిస్తే ఆగి చూడండి. అలుగు మన మూస ఉక్కుతో (మట్టి మూసలో కరిగించి చేసే ఉక్కు) చేసినదైతే తుప్పు కింద నీటి అలల్లాంటి చారలు ఉంటాయి. నిజామాబాద్ దగ్గరి కోనసముద్రం ఒకప్పుడు ఆ ఉక్కుకి పేరుపడ్డ ఊరు, కొనడానికి పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవాళ్లు. అలాంటి అలుగు తుప్పుతో ముదురు గోధుమ రంగులో, ఏ చారా కనపడకుండా, ‘పాత కత్తి’ అనే ఒక్క మాటతో అమ్మకానికి రావడం సాధ్యమే. రాపిడి చేయకుండా నిపుణుడి చేత శుభ్రం చేయించి, తేలికపాటి ఆమ్లంతో తేలిస్తే చారలు తిరిగి కనిపిస్తాయి. మెషీన్ మీద పాలిష్ పట్టినదైనా చారలు ఉక్కులోపల ఉంటాయి కాబట్టి ఆశ పోదు, బంగారు పని మాత్రం పోతుంది. దెబ్బతిన్నవాటిలో నేను మామూలు హద్దు దాటి పాడేది దీనికోసమే.

డబ్బు, కాగితాలు

సుత్తి పడిన ధర మీరు కట్టే ధర కాదు. లండన్‌లో 400 పౌండ్లకి లాట్ దక్కి, బయ్యర్స్ ప్రీమియం (కొన్నవాళ్ల దగ్గర వేలం సంస్థ తీసుకునే రుసుము) 25 శాతం, దాని మీద 20 శాతం వ్యాట్ ఉంటే బిల్లు 520 అవుతుంది. ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్ ద్వారా పాడితే దాని రుసుము వేరు. ప్యాకింగ్, ఇన్సూరెన్స్, కొరియర్, ఇక్కడి సుంకం ఆ పైన. మరమ్మతు ఖర్చు కూడా ముందే కలిపి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుని మీ ఆఖరి అంకె కాగితం మీద రాసుకోండి. లైవ్‌లో టెన్షన్ పడేవాళ్లు ఆ అంకెని ముందే ఆబ్సెంటీ బిడ్‌గా, అంటే వేలంలో కూర్చోకుండా రాసిచ్చే పాటగా, ఇచ్చేయడం మంచిది.

ఇండియాకి తెప్పించేవాళ్లు పాడకముందే కస్టమ్స్ ఏజెంట్‌తో మాట్లాడాలి. మన ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడవు, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు అలుగు ఉన్న బాకులు ఆయుధాల కిందికి వస్తాయి. జంబియా పొడవులో తప్పించుకున్నా వెడల్పులో చిక్కుకోవచ్చు, అందుకే మెడ దగ్గర కొలత తప్పకుండా అడగండి. కొరియర్ కంపెనీల్లో కొన్ని కత్తులు అసలు తీసుకోవు. ఇంకొకటి: వందేళ్లు దాటిన వస్తువులకి 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. ఇక్కడికి తెచ్చాక నచ్చలేదని మళ్లీ విదేశీ వేలానికి పంపడం వ్యక్తులకి కుదరదు. దుబాయ్, మస్కట్, న్యూజెర్సీలో ఉంటూ ఎప్పటికైనా ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. కేటలాగ్ పేజీ, బిల్లు, పిడి దేనితో చేసిందో సంస్థ రాసిచ్చిన మాట, మూడూ బాకుతో పాటే దాచండి.

ఇంటికొచ్చాక చేయకూడనివి ముందు చెబుతాను. వెండికి చింతపండు, విభూతి, పళ్లపొడి ఏదీ వద్దు. పూజ గిన్నెలకి నప్పే ఆ తోముడు ఇక్కడ చెక్కుడు అంచుల్ని తినేస్తుంది, పులుపు తోలు కుట్లలోకి దిగి దారాన్ని కుళ్లబెడుతుంది. ఊడిన పిడికి ఫెవిక్విక్ వద్దు. మెత్తటి నూలు గుడ్డతో దుమ్ము తుడిచి, అలుగు మీద తేలికపాటి మెషీన్ ఆయిల్ ఒక పొర రాసి, రేగిన తుప్పుని వెదురు పుల్లతో నెమ్మదిగా గోకితే చాలు. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో తోలు ఒర తేమ పీల్చుకుంటుంది. వానాకాలం అంతా అలుగుని ఒర నుంచి తీసి, రెండింటినీ సిలికా జెల్ సంచులతో వేర్వేరు డబ్బాల్లో ఉంచండి. ఒర ఆకారం కుంచించుకుపోకుండా లోపల ఆమ్లం లేని కాగితం ఉండచుట్టి పెట్టండి.